ప్రకృతి చికిత్సకు వెళ్తున్నారా? ముందు మీ మందుల చీటీ రాసుకోండి

మందుల కౌంటరు వెనక పనిచేసే నాకు ప్రకృతి వైద్యం గురించి రెండు రకాల వాదనలు వినిపిస్తూ ఉంటాయి. అదంతా బూటకమని కొందరు, మాత్రలన్నీ విషమని మరికొందరు. నేను ఏ పక్షమూ కాను. వైద్య పద్ధతి పేరు చూసి మంచిచెడ్డలు తేల్చలేం. ఏ జబ్బుకు ఏం వాడమంటున్నారు, దానివల్ల ఏం జరుగుతుందంటున్నారు అన్నది విడివిడిగా చూసుకోవాలి.

ముందు ఒక కాగితం తీసుకుని మీరు వాడేవన్నీ రాయండి. డాక్టరు రాసిచ్చిన మాత్రలు, విటమిన్లు, మూలికల పొడులు, కషాయాలు, రోజూ తాగే మూలికల టీ, అన్నీ. మోతాదు ఎంతో, ఎప్పటినుంచి వాడుతున్నారో కూడా. "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని నేను అడిగితే చాలామంది లేదంటారు. సంచిలో మాత్రం మూలికల సీసా ఉంటుంది. దాచాలని కాదు, దాన్ని వాళ్లు మందుగా లెక్కవేయరు, అంతే.

కాలేయం మాత్రం లెక్కవేస్తుంది. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మొక్కనే చూడండి. తేలికపాటి డిప్రెషన్‌కు అది పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది. పనిచేసేది కాబట్టే జాగ్రత్త అవసరం. మందులను విచ్ఛిన్నం చేసే ఎంజైములను అది కాలేయంలో పెంచుతుంది. దాంతో గర్భనిరోధక మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, అవయవ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్ వంటివి రక్తంలో తగ్గిపోతాయి. మార్పిడి చేసిన అవయవాన్ని శరీరం తిరస్కరించిన సందర్భాలు కూడా ఉన్నాయి. అతిమధురం సంగతీ అంతే. మోతాదు మించి చాలాకాలం వాడితే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. నిందంతా బీపీ మాత్ర మీదకు పోతుంది.

మొక్కే కదా, హాని ఏముంటుందనేవారికి నేను బెల్జియం సంగతి చెబుతాను. 1990ల తొలినాళ్లలో అక్కడ బరువు తగ్గడానికి మూలికలు కలిపిన గుళికలు వాడిన పలువురు మహిళల కిడ్నీలు పాడయ్యాయి. ఒక మూలికకు బదులు అరిస్టోలోకియా జాతి మొక్క అందులో చేరడమే కారణం. అందుకే లేబుల్ మీద ప్రతి దినుసు పేరూ, పరిమాణమూ లేని సీసాను కొనకండి. "రహస్య మిశ్రమం" అని రాసి ఉంటే ఇక చదవనక్కర్లేదు.

ఇక చికిత్స చేసేవారిని అడగాల్సిన ప్రశ్న: "దీన్ని దేనితో పోల్చి చూశారు?" 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు స్కర్వీ (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు) వచ్చిన 12 మంది నావికులను ఇద్దరిద్దరుగా ఆరు జట్లు చేశాడు. ఒక జట్టుకు వెనిగర్, ఒక జట్టుకు సముద్రపు నీరు, ఇలా తలా ఒకటి ఇచ్చాడు. ఒక జట్టుకు రోజుకు రెండు నారింజలు, ఒక నిమ్మకాయ. ఆరు రోజులకే పండ్లు అయిపోయాయి. అయినా అందరికంటే బాగా కోలుకున్నది ఆ ఇద్దరే. నిమ్మకాయ సహజమైనదే, సముద్రపు నీరూ సహజమైనదే. పక్కపక్కన పెట్టి చూడకపోతే ఆ తేడా తెలిసేది కాదు. (బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసాన్ని అందరికీ ఇవ్వడానికి 1795 దాకా ఆగింది. అధికారిక వైద్యం గొప్పలు పోవడానికీ ఏమీ లేదు.)

"మా బంధువుకు తగ్గింది" అన్న మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ నడుము నొప్పి, అలర్జీలు వాటంతట అవే పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. బాగా ముదిరినప్పుడే మనం వైద్యానికి పరిగెత్తుతాం. తర్వాత ఎలాగూ తగ్గేదాని ఘనత అప్పుడు చేసిన చికిత్సకు దక్కుతుంది.

ఆహారం, నడక, నిద్ర, పొగ మానడం గురించి ప్రకృతి వైద్యులు చెప్పేవి చాలావరకు మంచివే. రోగి చెప్పేది వాళ్లు తీరిగ్గా వింటారు కూడా, అక్కడ మా ఆసుపత్రులు నేర్చుకోవాల్సింది చాలానే ఉంది. శరీరంలోని విషాలు కడిగేస్తామంటే మాత్రం ఏ విషమో పేరు చెప్పమనండి, చికిత్సకు ముందు ఎంత ఉంది, తర్వాత ఎంత ఉంది అని అడగండి. నాకింతవరకు జవాబు దొరకలేదు. ఇన్సులిన్ తీసుకునేవారు, చక్కెర తగ్గించే మాత్రలు వేసుకునేవారు డాక్టరుతో మాట్లాడకుండా ఉపవాస చికిత్సకు దిగవద్దు. చక్కెర ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పవచ్చు.

ఎవరైనా సరే, "ముందు మీ మందులు ఆపేయండి" అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. నయం చేయగల దశలో ఉన్న క్యాన్సర్లకు ప్రత్యామ్నాయ వైద్యం ఒక్కటే ఎంచుకున్నవారిని సాధారణ చికిత్స తీసుకున్నవారితో పోల్చిన అమెరికా అధ్యయనం 2018లో వెలువడింది. మొదటివారిలో మరణ ముప్పు రెండున్నర రెట్లు కనిపించింది.

కొత్తగా మూలిక మొదలుపెడితే ఒక్కటే మొదలుపెట్టండి, తేదీ రాసుకోండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, ఒళ్లంతా దురద పెట్టినా, కాళ్లు వాచినా దాన్ని ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. సీసా పారేయకుండా వెంట తీసుకెళ్లండి. అందులో ఏముందో తేలాలంటే అది కావాలి.