ట్వీడ్ కోటు గుండీలు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

స్కాట్లాండ్ పశ్చిమ దీవులలో నేతగాళ్ల ఇళ్లలోనే నేసే హారిస్ ట్వీడ్ మొదలుకొని, ఈ జాతి ఉన్ని గుడ్డలు చాలావరకు మందంగా, గరుకుగా, మెరుపు లేకుండా ఉంటాయి. పల్చని సూటుకు అమరిన గుండీ వీటికి అమరకపోవడానికి ఈ గుణాలే మూలం.

సమస్య: కోటు చక్కగా కుదిరినా గుండీలు మాత్రం అరువు తెచ్చి పెట్టినట్టు కనిపిస్తున్నాయి.

నునుపుగా మెరిసే పాలియెస్టర్ గుండీ గాని, ముత్యపు చిప్ప గుండీ గాని వెలుతురును తిప్పికొడుతుంది. గుడ్డ దానిని పీల్చుకుంటుంది. ఇత్తడి గుండీల చోటు నీలి బ్లేజరు. ట్వీడ్‌కు మెరుగు పెట్టని గేదె కొమ్ము గుండీలు, ఈక్వడార్ ప్రాంతపు తాటిజాతి చెట్ల గింజలతో చేసే కొరోజో గుండీలు, అల్లిక తోలు గుండీలు నప్పుతాయి. తోలు గుండీలు బరువైన కోట్లకే బాగుంటాయని, సన్నని ట్వీడ్ మీద మొరటుగా కనిపిస్తాయని నా అభిప్రాయం. రంగు విషయంలో గుడ్డ మొత్తం రంగుతో సరిపోల్చకుండా, దగ్గరగా చూస్తే కనిపించే రంగురంగుల పోగులలో ముదురుదానిని ఎంచుకోవాలి. అందుకు గుడ్డ ముక్కను దుకాణానికి తీసుకువెళ్లి పగటి వెలుతురులో చూడాలి. కొమ్ము పేరుతో అమ్మే గుండీలన్నిటి మీదా ఒకే చార ఒకేచోట ఉంటే అవి అచ్చు పోసిన ప్లాస్టిక్ అనుకోవచ్చు. మన దేశంలో కొమ్ము పనికి ఉత్తరప్రదేశ్‌లోని సంభల్ పేరున్న ఊరు.

సమస్య: గుండీ పెట్టగానే దాని చుట్టూ గుడ్డ నొక్కుకుపోయి ముడతలు పడుతోంది.

గుండీని గుడ్డకు అంటించినట్టు కుట్టడమే ఇందుకు కారణం. కాజా ఉన్న అంచు ఎంత మందమో, గుండీ కింద దారపు కాడ అంత ఎత్తు ఉండాలి. గుండీ మీద అగ్గిపుల్ల ఉంచి, దాని మీదుగా కుట్టి, పుల్ల తీసేశాక గుండీని పైకి లాగి, కింద వదులైన పోగుల చుట్టూ మైనం పట్టించిన దారాన్ని బిగుతుగా చుట్టి ముడి వేయాలి. వదులు నేతలో గుండీ దగ్గర గుడ్డ సాగి చిరుగుతుంటే, లోపలి వైపు ఒక చిన్న చదును గుండీని ఉంచి రెండింటినీ కలిపి కుట్టాలి.

సమస్య: గుండీ కాజాలోంచి జారిపోతోంది, లేదా అసలు దూరడం లేదు.

కాజా పొడవు గుండీ అడ్డుకొలతకు దాని మందం కలిపినంత ఉండాలి. ఉబ్బెత్తు తోలు గుండీకి ఈ లెక్క తప్పితే కాజా అంచులు త్వరగా పీచులు లేస్తాయి. కనుక గుండీలు కొన్న తరువాతే, ముందు వ్యర్థపు ముక్క మీద చీలిక కోసి చూసుకుని, కాజాలు తీయించాలి. కొలతలు లైన్లలో చెబుతారు; 40 లైన్లు ఒక అంగుళం. కోటు ముందు భాగానికి 32 లైన్లు, అంటే సుమారు 20 మి.మీ., చేతులకు, వెయిస్ట్‌కోటుకు 24 లైన్లు, అంటే సుమారు 15 మి.మీ. వాడుక.

సమస్య: శుభ్రం చేయించాక గుండీలు వంకరపోయాయి, లేదా గుడ్డకు రంగు అంటింది.

కొమ్ము కూడా గోరులాంటి పదార్థమే కాబట్టి నీళ్లలో నానినా, అతిగా ఆవిరి తగిలినా పొరలు లేస్తుంది. కొరోజో నీటికి ఉబ్బుతుంది. తోలు రంగు వదలవచ్చు. తోలు గుండీలను డ్రై క్లీనింగ్‌కు ముందే విప్పి తీసేయడం మేలు. వెలిసిన కొమ్ముకు కాస్త నూనె రాసి మెత్తని గుడ్డతో తుడిస్తే సరిపోతుంది; పగిలినదానిని మార్చవలసిందే, అందుకే అదే జతలోవి రెండు అదనంగా కొని ఉంచుకోవాలి.