మోదుగ రెమ్మతో హెర్బేరియం షీట్ చేయడం ఎలా?

హెర్బేరియం అంటే ఎండబెట్టి, వివరాలు రాసి దాచిన మొక్కల నమూనాల సేకరణ. పుస్తకంలో ఆకు పెట్టి ఎండబెడితే హెర్బేరియం అయిపోదు. ఒక్క ఆకును చూసి చెట్టును గుర్తుపట్టడం నిపుణులకే కష్టం, అందుకే పూతో కాయో ఉన్న రెమ్మ కావాలి, అడుగు పొడవు చాలు.

మోదుగతో మొదలుపెట్టండి. ఇందులో ఒక చిక్కుంది. ఫిబ్రవరి, మార్చిలో పూత వచ్చేసరికి ఆకులు రాలిపోయి ఉంటాయి, కాబట్టి ముందు పూల రెమ్మ తీసుకుని, ఆ చెట్టుకు గుర్తు పెట్టి, వానాకాలంలో ఆకుల కోసం మళ్లీ అదే చెట్టు దగ్గరికి వెళ్లాలి. పక్క చెట్టు ఆకు తెచ్చి జత చేయొద్దు, అది తప్పుడు నమూనా. మూడు రెబ్బలూ కలిస్తేనే ఒక ఆకు, కాడ మొదలు నుంచి తుంచండి.

రెమ్మను న్యూస్‌పేపర్ మడతలో పరచి, ఒక ఆకును తిరగేసి పెట్టండి, అడుగుభాగం కూడా కనిపించాలి. పైనా కిందా ప్లైవుడ్ చెక్కలు పెట్టి బెల్టుతో బిగించండి. మొదటి నాలుగు రోజులు పేపర్లు రోజూ మార్చాల్సిందే, బద్ధకిస్తే బూజు పడుతుంది. బుగ్గకు ఆనిస్తే చల్లగా తగలకపోతే ఎండినట్టే.

అన్నిటికన్నా ముఖ్యం నోట్‌బుక్. పూల రంగు, చెట్టు ఎత్తు, గాటు పెడితే కారే ఎర్రటి జిగురు, నేల, ఊరు, తేదీ, అక్కడివాళ్లు పిలిచే పేరు, ఇవన్నీ చెట్టు కిందే రాసుకోవాలి. 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉన్న స్కాట్లాండ్ వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు గీయించి, తెలుగు పేర్లూ నమోదు చేశాడు. 1795లో మొదలైన ఆయన కోరమాండల్ (మన తూర్పు తీరం) మొక్కల పుస్తకంలో మన మోదుగ బొమ్మ కూడా ఉంది. ఎండిన పూవులో ఆ నారింజ రంగు మిగలదు కదా, మీరు కనీసం ఫోన్లో ఫొటో తీయండి.

ప్రతి సేకరణకూ ఒక నంబర్ ఇచ్చి, అదే నంబర్ పేపర్ మీదా నోట్‌బుక్‌లోనూ వేయండి. ఆకుల కోసం రెండోసారి వెళ్లినప్పుడు కొత్త నంబర్ ఇచ్చి, పాత నంబర్ పక్కన రాయండి.

పురుగులు పోవడానికి పాలిథిన్ కవర్లో మూసి వారం డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. పాతకాలంలో మెర్క్యురిక్ క్లోరైడ్ పూసేవారు, అది విషం, ఇంట్లో అసలు వద్దు. తర్వాత 42×28 సెంటీమీటర్ల దళసరి షీట్‌కు దారంతో కుట్టి, కింద కుడి మూల లేబుల్ అంటించండి.

రిజర్వ్ ఫారెస్ట్‌లో అటవీశాఖ అనుమతి లేకుండా ఏదీ తెంపొద్దు. అవకాశముంటే రెండు రెమ్మలు చేసి, రెండోది దగ్గర్లోని యూనివర్సిటీ బోటనీ విభాగానికి ఇవ్వండి.