రేస్ పెరుగుతోంది, బండి మాత్రం పోవట్లేదా? ప్లేట్లు మార్చే ముందు ఇవి చూడండి

క్లచ్ బాలేదని బండి తీసుకెళ్తే మెకానిక్ నోట ముందుగా వచ్చే మాట "ప్లేట్లు పోయాయి". పోయి ఉండొచ్చు, కాదనను. కానీ కేబుల్ క్లచ్ ఉన్న స్ప్లెండర్ లాంటి బళ్లకు ఇంజన్ విప్పకముందే చూడాల్సినవి రెండున్నాయి: కేబుల్, ఆయిల్.

ముందు క్లచ్ నిజంగా జారుతోందా అన్నది తేల్చుకోండి. ఖాళీ రోడ్డు మీద టాప్ గేర్‌లో 40 స్పీడులో వెళ్తూ రేస్ గట్టిగా ఇవ్వండి. ఇంజన్ గోల పెరిగి స్పీడు పెరగకపోతే జారుతున్నట్టే. ఇప్పుడు లివర్ చివర వేలితో కదిపి చూడండి, బరువు తగిలేలోపు చాలా బళ్లలో 10 నుంచి 20 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. అసలు లేదంటే మీరు లివర్ ముట్టుకోకపోయినా క్లచ్ సగం నొక్కినట్టే లెక్క, ప్లేట్లు అరిగేది అందుకే. లివర్ దగ్గర కేబుల్ మీదున్న లాక్ నట్ వదులు చేసి, వదులు సరిచేసే మర, అంటే అడ్జస్టర్‌ని లోపలికి తిప్పండి, అక్కడ చాలకపోతే ఇంజన్ వైపు ఇంకొకటి ఉంటుంది. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి వదులు మళ్లీ చూడండి.

వదులు సరిగ్గానే ఉంటే ఆయిల్. ఈ బళ్లలో క్లచ్ ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది కాబట్టి, ఇంట్లో మిగిలింది కదా అని కారు ఆయిల్ పోస్తే జారే అవకాశం ఉంది. డబ్బా మీద జాసో (JASO) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి, ఇలాంటి క్లచ్‌కి పనికొస్తుందని గుర్తు అది. ఎంబీ అని ఉంటే స్కూటర్లకు. ఆయిల్ మార్చినా జారుతుంటే అప్పుడు ప్లేట్లే, స్ప్రింగులూ కలిపి మార్పించండి, కొత్త ప్లేట్లు బిగించే ముందు ఆయిల్‌లో నానబెట్టారో లేదో దగ్గరుండి చూసుకోండి.

దీనికి పూర్తిగా తిరగబడిన సమస్య ఇంకోటి: లివర్ మొత్తం నొక్కినా ఫస్ట్ గేర్‌లో బండి ముందుకు లాగుతుంది, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చచ్చినా పడదు. వదులు ఎక్కువైంది, అడ్జస్టర్ బయటికి తిప్పండి. తగ్గకపోతే స్టీల్ ప్లేట్లు వంగి ఉండొచ్చు, లేదా ప్లేట్లు కూర్చునే గిన్నె, అంటే క్లచ్ బాస్కెట్ వేళ్లకు గాట్లు పడి ఉండొచ్చు, ఇక విప్పక తప్పదు. పొద్దున్నే మొదటిసారి మాత్రమే ఇలా ఉంటే కంగారొద్దు, ప్లేట్లు అతుక్కుని ఉంటాయంతే. ఇంజన్ ఆపి, గేర్ వేసి, లివర్ నొక్కిపట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపితే విడిపోతాయి.

లివర్ రాయిలా ఉందంటే కేబుల్ ఎండిపోయింది. ఆయిల్ పోసే ముందు లివర్ దగ్గర కేబుల్ కొసనున్న గుండు పక్కన చూడండి, ఒక్క పోగు తెగి బయటికి పొడుచుకొచ్చినా ఆయిల్ దండగ, ఆ రోజే కొత్త కేబుల్ వేయించండి.