డాక్సోరుబిసిన్ కీమో ఎక్కించుకునే ముందు గుండె విషయంలో జాగ్రత్తలు

రొమ్ము క్యాన్సర్‌కో లింఫోమాకో కీమో రాసిన కాగితంలో డాక్సోరుబిసిన్ లేదా అడ్రియామైసిన్ అని ఉంటే ఇది చదవండి. మందు ఎర్రగా ఉంటుంది, ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా రావచ్చు, అది మందు రంగే, కంగారు పడకండి. చూసుకోవాల్సింది గుండెని.

ఈ మందు గుండె కణాల్లోని ఇనుముతో కలిసి ఫ్రీ రాడికల్స్, అంటే కణాన్ని దెబ్బతీసే చురుకైన అణువులు, పుట్టిస్తుంది. వాటిని తట్టుకునే ఎంజైములు గుండెలో తక్కువ, పైగా పోయిన కణాల స్థానంలో కొత్తవి దాదాపుగా రావు. ఇది తెలియగానే మన ఇళ్లలో ఏం జరుగుతుందో తెలుసు కదా, ఫ్రీ రాడికల్స్‌ని అణుస్తాయనే పేరున్న యాంటీఆక్సిడెంట్లు, విటమిన్ ఇ, కోఎంజైమ్ క్యూ10, పసుపు క్యాప్సూల్స్, ఎవరో పంపిన కషాయం, అన్నీ డబ్బాలుగా వచ్చేస్తాయి. వాటిని పక్కన పెట్టండి. ఎలుకల్లో గుండెని కాపాడిన విటమిన్ ఇ, ఎన్-అసిటైల్‌సిస్టీన్ లాంటివి మనుషుల దగ్గరికొచ్చేసరికి నిలబడలేదు. ఎందుకంటే దెబ్బ ఫ్రీ రాడికల్స్‌తోనే అయిపోదు, గుండె కణం డీఎన్‌ఏ దగ్గరుండే టోపోఐసోమరేజ్ 2 బీటా అనే ఎంజైమ్‌ని కూడా ఈ మందు పట్టుకుంటుంది. ఇంకో భయం, యాంటీఆక్సిడెంట్ మాత్రలు క్యాన్సర్ కణానికే కాపలా కాస్తాయేమోనని. తిండిలో పండ్లు, ఆకుకూరలు, వంటలో పసుపు మామూలుగా తినొచ్చు, నా అభ్యంతరమంతా ఆ మాత్రలతోనే.

నిజంగా పనిచేస్తుందని తేలింది డెక్స్‌రాజోక్సేన్ అనే ఇంజెక్షన్. అందరికీ ఇవ్వరు, ఎక్కువ డోసు అవసరమయ్యేవాళ్లకి కీమోకి కాస్త ముందు ఇస్తారు. మీకు అవసరమా అని ఆంకాలజిస్ట్‌ని మొహమాటం లేకుండా అడగండి.

మొదటి సైకిల్‌కి ముందే ఎకో (గుండె స్కాన్) తీయించుకుని ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి పంపుతుందో, ఆ అంకె రాసిపెట్టుకోండి, తర్వాత తగ్గిందో లేదో తేల్చాలంటే ఆ మొదటి అంకె ఉండాలి. బీపీ, షుగర్ ఉంటే ముందు అదుపులోకి తెచ్చుకోండి. గతంలో ఛాతీకి రేడియేషన్ ఇచ్చినా, ఎప్పుడో ఇదే మందు ఎక్కించినా తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే ఇది జీవితకాలం లెక్క. ఒంటి ఉపరితలం (ఎత్తు, బరువుల నుంచి లెక్కగడతారు) చదరపు మీటరుకి మొత్తం 450 నుంచి 550 మిల్లీగ్రాములు దాటితే గుండె వైఫల్యం ముప్పు బాగా పెరుగుతుంది. రొమ్ము క్యాన్సర్‌కి మామూలుగా ఇచ్చే నాలుగు సైకిళ్లలో 60 చొప్పున 240 అవుతుంది, అంటే చాలామంది ఆ గీతకి దూరంగానే ఉంటారు. అలాగని తక్కువ డోసులో ముప్పు సున్నా అనుకోవద్దు. తర్వాత ట్రాస్టుజుమాబ్ (కొన్ని రొమ్ము క్యాన్సర్లకి ఇచ్చే, గుండెని బలహీనపరచగల ఇంకో మందు) కూడా ఉంటే ఎకోలు ఇంకా జాగ్రత్తగా చేయించాలి.

మెట్లెక్కితే కొత్తగా ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం, పాదాల వాపు, గుండె దడ, ఇవి కనిపిస్తే కీమో నీరసంలే అని వదిలేయకండి, తర్వాతి సైకిల్ దాకా ఆగకుండా ఫోన్ చేయండి. ఒక్కోసారి ఏళ్ల తర్వాత కూడా బయటపడుతుంది, ముఖ్యంగా చిన్నప్పుడు ఈ మందు తీసుకున్నవాళ్లలో. అందుకే మొత్తం ఎంత డోసు ఎక్కిందో రాయించుకుని ఫైల్ దాచండి, చిన్నప్పుడు ఈ మందు తీసుకున్న అమ్మాయికి రేపు పెళ్లై గర్భం వస్తే ప్రసూతి డాక్టర్‌కి మొదట చూపించాల్సింది అదే.