బ్లాస్ట్ ఫెన్స్ నిలిచే ఉంది, వెనక రోడ్డు మీద రాళ్లు పడుతున్నాయి: కారణం ఎక్కడ?

విమానాశ్రయంలో జెట్ ఇంజన్లు వెనకకు చిమ్మే గాలిని అడ్డుకునే వంపు రేకుల గోడే బ్లాస్ట్ ఫెన్స్. జెట్ విమానం ఇంజన్ పెంచగానే ఫెన్స్ వెనకనున్న సర్వీసు రోడ్డు మీద దుమ్ము లేస్తుంది, గులకరాళ్లు వచ్చి పడతాయి. వెంటనే ఫెన్స్ ఎత్తు చాలడం లేదని తేల్చి కొత్త ప్యానెళ్లకు అంచనాలు వేయడం చాలాచోట్ల చూస్తున్నాను. అంతకుముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ సమయంలో విమానం ఎక్కడ నిలిచి, ఏ వైపు తిరిగి ఉంది? నిర్ణీత గీత దాటి నిలిచినా, మలుపు మధ్యలో ఇంజన్ పెంచినా, గాలి ఫెన్స్ కొసను దాటి పక్కనుంచి పోతుంది. అప్పుడు సరిచేయవలసింది విమానం నిలిచే తీరునే గాని ఫెన్స్‌ను కాదు. ఎన్నిసార్లు చెప్పినా ఈ ప్రశ్న అడిగేవారు అరుదు.

విమానం సరైన చోటే ఉండి, వానలు వెలిశాకే ఫిర్యాదు మొదలైతే, ఫెన్స్ ముందు మోకాళ్ల మీద కూర్చుని దాని అడుగు చూడాలి. వంపు తిరిగిన రేకు చేసే పని తనను తాకిన గాలిని పైకి మళ్లించడం. రేకుకూ నేలకూ మధ్య సందు ఏర్పడితే, కొంత గాలి పైకెక్కకుండా ఆ సందులో ఇరుక్కుని మరింత వేగంతో వెనకకు దూసుకుపోతుంది. మన తిరుపతి, చిత్తూరు వైపు ఎర్రనేలల్లో, కాంక్రీటు అంచు పక్కనున్న మన్ను వాననీటికి ఇట్టే కొట్టుకుపోతుంది. అందుకు 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తినంత వాన అక్కరలేదు, కాలువ పూడి ఉంటే మామూలు తుఫాను వాన చాలు. పైగా రేణిగుంటలోని తిరుపతి విమానాశ్రయంలోలాగా 08/26 దిశలో, అంటే దాదాపు తూర్పు పడమరలుగా ఉన్న రన్‌వేలో, ఈశాన్య గాలులు వీచే ఆ కాలంలోనే విమానాలు సాధారణంగా తూర్పుకు ఎగురుతాయి, ఇంజన్ల గాలి పడమటి కొసకు తగులుతుంది. అడుగున మన్ను కరిగిన నెలల్లోనే ఆ కొసన ఫెన్స్ మీద ఒత్తిడి పెరుగుతుందన్నమాట. ముందునుంచి చూస్తే రేకు, బోల్టులు, రంగు అన్నీ బాగానే ఉంటాయి కనుక తనిఖీ రిపోర్టులో ‘బాగుంది’ అని రాసి వెళ్లిపోతారు.

ఆనవాళ్లు వెనకవైపు దొరుకుతాయి. సన్నమన్ను ఎగిరిపోయి గులకరాళ్లు మాత్రమే మిగిలిన విసనకర్ర ఆకారపు మచ్చ, రేకు వెనక కింది భాగంలో చిమ్మిన మట్టి, ఒకే వైపుకు వాలిన గడ్డి. ఇంకా అనుమానముంటే వెనక ఒక గట్టి కడ్డీకి వేర్వేరు ఎత్తుల్లో గుడ్డపీలికలు కట్టి, సురక్షితమైన దూరం నుంచి వీడియో తీయాలి. పైవి వేలాడుతూ కిందివి మాత్రమే రెపరెపలాడితే దోషం అడుగునే ఉంది. గంటకు 56 కిలోమీటర్లు మించిన గాలి మనుషులకూ వాహనాలకూ తగదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐసీఏఓ) మార్గదర్శకాలు చెబుతున్నందున, ఈ పరీక్ష జరుగుతుండగా ఎవరూ వెనక నిలబడకూడదు. పని అయ్యాక పీలికలు లెక్కపెట్టి తీసుకురావాలి.

సందులో ఇసుక మూటలు కుక్కడం పరిష్కారం కాదు, అవి చిరిగితే ఆ ఇసుకే ఇంజన్ల పాలిటి ముప్పవుతుంది. వదులు మన్నంతా తవ్వి తీసి, గట్టినేల దాకా కాంక్రీటు అంచుగోడ పోసి, రేకు అడుగున ఉక్కు పట్టీ బిగించి, వెనక కొంతమేర చదునుచేసి కప్పాలి. అయితే నీరు పోయే దారిని మూయకూడదు; దాన్ని జాలీ వేసిన కాలువగా మళ్లించకపోతే ముందువైపు నీరు నిలిచి, వచ్చే వానాకాలానికి మరోచోట మన్ను కొట్టుకుపోతుంది. ఈ పనంతా రన్‌వే మూసి ఉండే గంటల్లో, అనుమతి తీసుకుని, నోటామ్ (పైలట్లకిచ్చే ముందస్తు హెచ్చరిక) జారీ అయ్యాకే మొదలుపెట్టాలి.

గలగల శబ్దం వస్తుంటే నట్లు వదులయ్యాయి. బిగించి, నట్టు మీదుగా బేస్ ప్లేటు దాకా రంగుగీత గీస్తే మళ్లీ తిరిగిందో లేదో చూపుకే తెలుస్తుంది. బిగించినా అదే నట్టు మళ్లీ వదులైతే దాని కింది గ్రౌట్ (ప్లేటు అడుగున నింపిన సిమెంటు మిశ్రమం) పగిలిందేమో చూడాలి. వేడికి రేకు వంకరపోవడం, వాహనం తగిలి స్తంభం వంగడం అరుదు, అవి కంటికే కనిపిస్తాయి. ఫెన్స్ ఎత్తు నిజంగానే చాలకపోవడం, మునుపెన్నడూ రాని పెద్ద విమానం రాకపోకలు మొదలైనప్పుడు తప్ప, నేను చూసినంతలో దాదాపు లేదు.