పిల్లలతో రోమ్ స్కూలు ట్రిప్పు: బయల్దేరే ముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

రోమ్‌లో ఎదురయ్యే ఇబ్బందులు చాలావరకు ఇక్కడే, స్కూలు ఆఫీసులో పేర్ల లిస్టు టైపు చేసేటప్పుడే మొదలవుతాయి. పిల్లలకు ప్రాచీన రోమ్ చూపించాలని తీసుకెళ్లిన హిస్టరీ టీచరుగా ఇది నాకు గేటు దగ్గరే తెలిసొచ్చింది. 2023 అక్టోబరు నుంచి కొలోసియం (ప్రాచీన రోమన్ల క్రీడా ప్రాంగణం) టికెట్టు మీద ఒక్కొక్కరి పేరు ఉంటుంది. గేటు దగ్గర దాన్ని పాస్‌పోర్టుతో పోల్చి చూస్తారు. మన పిల్లల పేర్లేమో హాజరు పట్టీలో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటాయి. హాజరు పట్టీలో ‘కె. సాయి’ అని ఉన్న పిల్లాడికి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. మేం హాజరు పట్టీ చూసి టికెట్లు తీశాం. ముగ్గురు పిల్లలు గేటు దగ్గర ఆగిపోయారు, మిగతావాళ్లంతా ఎండలో నిలబడ్డారు. చివరికి లోపలికి పంపారు గానీ, ఒకమ్మాయి అందరి ముందూ కళ్లనీళ్లు పెట్టుకోవడం నేనింకా మర్చిపోలేదు. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ జిరాక్సు ఎదురుగా పెట్టుకుని, అందులో ఎలా ఉంటే అలా, అక్షరం పొల్లుపోకుండా టైపు చేయించండి. ఇద్దరు టీచర్లు విడివిడిగా సరిచూడాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితమే అయినా, వాళ్లకూ పేరుతో టికెట్టు తీయాల్సిందే.

పాస్‌పోర్టు తేదీలు కూడా అప్పుడే చూసేయండి. పెద్దవాళ్లకు పదేళ్లకు ఇస్తే, చిన్నపిల్లలకు ఐదేళ్లకే ఇస్తారు. తమ్ముడిది, అక్కది ఒకేసారి తీశాం కదా అని తల్లిదండ్రులు ధీమాగా ఉంటారు, ఎవరిది ఎప్పుడు అయిపోతుందో చూసుకోరు. ఇటలీ వెళ్లడానికి తీసుకునే షెంజెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) కావాలంటే తిరుగు ప్రయాణం తేదీ దాటాక కనీసం మూడు నెలలు పాస్‌పోర్టు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి, కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ఇన్సూరెన్సు తీయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. తల్లి, తండ్రి ఇద్దరి సంతకాలూ అవసరం. నాన్న గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు మన స్కూళ్లలో ఎంతమందో మీకు తెలుసు. వాళ్ల పత్రాలకు ఎక్కువ రోజులు పడుతుంది, కాబట్టి వాళ్లతోనే మొదలుపెట్టండి.

ఏ నెలలో వెళ్లాలన్నది తర్వాతి మాట. మన వేసవి సెలవులు ఖాళీగా ఉన్నాయని జూన్ మొదటివారం పెట్టుకునే స్కూళ్లే ఎక్కువ. ఎండ మనకు కొత్తా అంటారు. ఇక్కడ ఎండలు ముదిరితే మనం మధ్యాహ్నం ఇంట్లోంచి కదలం. అక్కడ సరిగ్గా ఆ వేళలోనే పిల్లల్ని రోమన్ ఫోరంలో, అంటే ప్రాచీన నగరం నడిబొడ్డు శిథిలాల్లో, నడిపిస్తాం. ఫోరంలో నీడ తక్కువ, కింద నల్లటి బసాల్టు రాళ్లు, పైగా వాటి వేడి. వడదెబ్బ తగలడానికి హైదరాబాద్ ఎండే కానక్కర్లేదు. నా మాట వింటే దసరా సెలవుల చుట్టూ, అక్టోబరులో పెట్టుకోండి. వసంతంలో వెళ్లాలనుకుంటే ఈస్టర్ వారం వదిలేయండి. మార్చి నుంచి మే దాకా ఇటలీ స్కూళ్ల పిల్లలు కూడా గుంపులు గుంపులుగా అక్కడే ఉంటారు. నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలు, పురావస్తు స్థలాలు ఉచితం. డబ్బు మిగులుతుందని ఆ రోజు మాత్రం ఎంచుకోకండి, అంత జనంలో పిల్లల్ని లెక్కపెట్టడమే పనైపోతుంది.

నీళ్ల సీసాలు కొనక్కర్లేదు. రోమ్ వీధుల్లో 1870ల నుంచి ఉన్న పోత ఇనుప కుళాయిలు రెండు వేలకు పైనే ఉన్నాయి. వంకర ముక్కులాంటి గొట్టం ఉంటుంది కాబట్టి వాటిని ‘నసోనే’ అంటారు, అంటే పెద్ద ముక్కు. గొట్టం చివర వేలితో మూస్తే, దాని పైన ఉన్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు ఎగజిమ్ముతాయి. మూతి ఆనించకుండా తాగొచ్చు. ఒక పిల్లాడికి చూపిస్తే చాలు, మిగతావాళ్లు క్యూ కడతారు. ప్రతి బ్యాగులో ఒక స్టీలు సీసా, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, టోపీ ఉంటే సరిపోతుంది. కొలోసియంలోకి పెద్ద బ్యాగులు, గాజు సీసాలు రానివ్వరు. ట్రిప్పు కోసం కొత్త బూట్లు కొనివ్వొద్దని తల్లిదండ్రులకు గట్టిగా చెప్పండి. ఫోరం రాళ్లు ఎగుడుదిగుడుగా, మధ్యలో సందులతో ఉంటాయి. అరిగి నునుపెక్కిన రాయి మీద వాన పడితే కాలు జారుతుంది. నెల రోజులుగా తొడుగుతున్న బూట్లే మంచివి.

ఏజెంటు ఇచ్చే షెడ్యూలులో రోజుకు ఐదారు చోట్లు ఉంటాయి. దయచేసి కొట్టేయండి. టూరిస్టు బస్సు రోమ్ నడిబొడ్డులో ఎక్కడపడితే అక్కడ ఆగదు, నడక తప్పదు. పొద్దున కొలోసియం, ఫోరం, మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం పాంథియన్ అనే పాత రోమన్ గుడి. అంతే. కొలోసియం మామూలు టికెట్లు నెల రోజుల ముందు అమ్మకానికి వస్తాయి, ఆ తేదీ క్యాలెండరులో రాసుకోండి. తీరిక దొరికితే పిల్లలు ఎంత చూస్తారో! కొలోసియం తోరణాల మీద చెక్కిన రోమన్ అంకెలు ఇప్పటికీ కనిపిస్తాయి. అప్పటి ప్రేక్షకులకు అవే గేటు నంబర్లు. ఫోరంలో జూలియస్ సీజర్ దేహాన్ని దహనం చేసిన చోట, రేకు కప్పు కింద ఉన్న మట్టిదిబ్బ మీద ఎవరో ఒకరు ఇప్పటికీ పూలు పెట్టి వెళ్తుంటారు. అక్కడ పది నిమిషాలు నిలబడనివ్వండి. పాంథియన్ ఇప్పుడు చర్చి కాబట్టి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి.

అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన ప్రాచీన పట్టణం పాంపేయిని రోమ్ నుంచి ఒక్కరోజులో చూసి వచ్చేద్దాం అనుకోవద్దు. నేపుల్స్ దాకా ఒక రైలు, అక్కడి నుంచి ఇంకో లోకల్ రైలు. దిగాక మళ్లీ అరవై హెక్టార్లకు పైబడిన ఊరు. రోజుకు 20,000 మందినే లోపలికి పంపుతున్నారు, ముందే బుక్ చేయాలి. నేపుల్స్‌లో ఒక రాత్రి ఉండగలిగితేనే పెట్టుకోండి. లేదంటే రోమ్ పక్కనే ఉన్న ఓస్టియా ఆంటికా చాలు. పాత రేవు పట్టణం, లోకల్ రైల్లో అరగంట ప్రయాణం. థియేటరు, తినుబండారాల కొట్టు, వరసగా రంధ్రాలున్న రాతి మరుగుదొడ్లు అన్నీ అక్కడే ఉన్నాయి.

నేపుల్స్ వెళ్తే అక్కడి జాతీయ పురావస్తు మ్యూజియంలో మన పిల్లలు తప్పక చూడాల్సింది ఒకటుంది. పాంపేయి తవ్వకాల్లో 1938లో దొరికిన జానెడు ఎత్తు దంతపు బొమ్మ. ‘పాంపేయి లక్ష్మి’ అని పేరుపడింది. మన దేశంలో చెక్కి, ఓడెక్కి వెళ్లి, క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయింది. అది మన శాతవాహనుల కాలం. ఆంధ్ర, తెలంగాణ నేలలో రోమన్ నాణేలు దొరికాయని క్లాసులో చెప్పిన పాఠానికి అది రెండో సగం. జాగ్రత్త ఎక్కడంటే, ఆ బొమ్మను ఉంచినది ‘రహస్య గది’ అనే విభాగంలో. చుట్టూ ఉన్నవి శృంగార శిల్పాలు, చిత్రాలు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు పెద్దవాళ్లు లేకుండా వెళ్లకూడదు. బొమ్మ ప్రదర్శనలో ఉందో లేదో ముందు మ్యూజియానికి మెయిల్ రాసి కనుక్కోండి, తల్లిదండ్రులకు విషయం చెప్పి అనుమతి తీసుకోండి, చిన్న జట్లుగా తీసుకెళ్లండి. మంగళవారం మ్యూజియానికి సెలవు.

పాంపేయిలో ప్లాస్టరు అచ్చుల గురించి కూడా ముందే మాట్లాడాలి. బూడిదలో శరీరాలు కరిగిపోయి మిగిలిన ఖాళీల్లో ప్లాస్టరు పోసి తీసిన రూపాలవి. చేతులతో ముఖం కప్పుకున్నవాళ్లు, పిల్లలు కూడా ఉన్నారు. వాళ్లు నిజంగా బతికిన మనుషులని ముందే చెబితే, అక్కడ సెల్ఫీలు దిగరు. చిన్న రాయి ముక్క కూడా జేబులో వేసుకోకూడదని, గోడల మీద పేర్లు చెక్కితే కేసు అవుతుందని చెప్పండి.

జేబుదొంగల బెడద మెట్రోలో, ముఖ్యంగా రోమ్ ప్రధాన రైల్వే స్టేషనైన తెర్మినీలో ఎక్కువ. బ్యాగు ముందుకు వేసుకోవాలి. పాస్‌పోర్టులు టీచర్ల దగ్గర, జిరాక్సులు పిల్లల దగ్గర ఉండాలి. చేతికి దారం కట్టేవాళ్లకు, రోమన్ సైనికుడి వేషంలో ఫొటోకు పిలిచేవాళ్లకు దూరంగా నడవాలి. పేర్లు పిలిస్తే ఆలస్యం, ఒక్కొక్కరికి ఒక నంబరు ఇచ్చి వాళ్లనే వరసగా చెప్పమనండి. మెట్రోలో ఎవరైనా వెనకబడితే, వాళ్లు ఆ ప్లాట్‌ఫాం మీదే ఉండాలి. ఒక టీచరు తర్వాతి స్టేషన్లో దిగి వెనక్కి వస్తారు. ఈ ఒక్క నియమం స్కూల్లోనే నాలుగుసార్లు రిహార్సల్ చేయించండి. అత్యవసరానికి నంబరు 112.

తిండి దగ్గర, కార్బొనారా, అమాత్రిచానా పాస్తాల్లో పంది మాంసం ఉంటుంది. మాంసం తినని పిల్లలకు ‘సెన్సా కార్నే’ అనే మాట నేర్పండి, అంటే మాంసం లేకుండా అని.

తల్లిదండ్రుల టెన్షన్‌కూ ఒక ఏర్పాటు కావాలి. రోమ్ మనకంటే వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి భోజనాలయ్యాక మెసేజ్ పెడదామంటే ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది. మేం రోజూ అక్కడి టైము ప్రకారం సాయంత్రం ఆరింటికి, అందరూ ఉన్న ఒక ఫొటో, ఒక వాక్యం వార్త గ్రూపులో పెట్టేవాళ్లం.