ఎంఎంఎ ఫైటర్ కావడం ఎలా? జిమ్‌లో చేరిన రోజు నుంచి తొలి ప్రో ఫైట్ దాకా

మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో ప్రొఫెషనల్ అనిపించుకోవడానికి మన దేశంలో రాయాల్సిన పరీక్షేమీ లేదు. ఎవరో ప్రమోటర్ ఫోన్ చేసి ఫలానా తేదీకి ఫైట్ ఉంది, చేస్తావా అని అడిగితే సరే అనడమే. చిక్కంతా అక్కడే ఉంది. ఆ రోజు నుంచి మీ గెలుపోటములు ట్యాపాలజీ, షెర్‌డాగ్ లాంటి సైట్లలో మీ పేరు కింద పడిపోతాయి, ఇక చెరగవు. 0-2తో (గెలుపు లేకుండా రెండు ఓటములతో) మొదలైన ఫైటర్‌ని పెద్ద ప్రమోషన్లు, అంటే ఫైట్లు నిర్వహించే సంస్థలు, పిలవడం అరుదు. పిలిచినా తమ కుర్రాడికి తేలికైన గెలుపు కావాలనే పిలుస్తాయి. అమెచ్యూర్‌లో ఓడినవి ఈ ప్రో లెక్కలోకి రావు. అందుకే కింద చెప్పిన వరసను తలకిందులు చేయకండి. కుస్తీ, బాక్సింగ్ లాంటివి ముందే వచ్చినవాళ్లకు తొలి ప్రో ఫైట్ దాకా రెండు మూడేళ్లు, ఏమీ రానివాళ్లకు నాలుగైదేళ్లు పడుతుందని లెక్క వేసుకోండి.

ముందు ఒక విద్య గట్టిగా, తర్వాత మిగతావి

మూడు విద్యలు కలిస్తేనే ఎంఎంఎ: నిలబడి కొట్టడం (బాక్సింగ్, ముయే థాయ్, కిక్‌బాక్సింగ్), ఎత్తి పడేయడం (కుస్తీ, జూడో, సాంబో), నేల మీద పట్లు (బ్రెజిలియన్ జియు-జిట్సు). వీటిలో ఒకదాన్ని పోటీల స్థాయిలో నేర్చుకుని, మిగతా రెండింట్లో కనీసం మోసపోకుండా ఉండేంత పట్టు తెచ్చుకోవాలి. అమెరికాకు చెందిన పెద్ద ప్రమోషన్ యూఎఫ్‌సీలో గెలిచిన తొలి భారత మహిళ పూజా తోమర్ (2024 జూన్) వుషు అనే చైనా యుద్ధవిద్య నుంచి వచ్చింది. రీతూ ఫోగట్‌ది కుస్తీ కుటుంబం. 2021 డిసెంబరులో సింగపూర్ ప్రమోషన్ వన్ ఛాంపియన్‌షిప్ గ్రాండ్ ప్రి ఫైనల్లో ఆమెను ఓడించింది స్టాంప్ ఫెయిర్‌టెక్స్ అనే ముయే థాయ్ ఫైటర్. ఓడించింది తన్నులతో కాదు, రెండో రౌండులో నేల మీద వేసిన ఆర్మ్‌బార్‌తో (మోచేతి కీలును వెనక్కి వంచే పట్టు). ఎదుటివాళ్లు ఏ విద్య నుంచి వచ్చినా, కింద పడ్డాక వాళ్లకేం రాదులే అనుకోవడానికి వీల్లేదు.

పాతబస్తీ తాలీంలో కుస్తీ పట్టి ఉన్నా, జిల్లా స్థాయిలో బాక్సింగ్ ఆడి ఉన్నా అది వృథా పోదు. మీకు సగం పని తప్పినట్టే. ఏ విద్యా రానివాళ్లు మాత్రం కుస్తీతో మొదలుపెట్టడం మంచిదని మా అభిప్రాయం. ఫైట్ నిలబడి సాగాలా, నేల మీదికి పోవాలా అన్నది తేల్చేది దాదాపుగా ఎత్తిపడేయడం వచ్చినవాడే.

జిమ్ చూసుకోవడం

డబ్బు కట్టే ముందు ఒక స్పారింగ్ (ఇద్దరు ఎదురెదురుగా తలపడే ప్రాక్టీసు) రోజు వెళ్లి పక్కన కూర్చుని చూడండి. గోడ మీద బెల్టులు, ఫొటోలు ఎలా ఉన్నా ఫర్వాలేదు. చూడాల్సింది ఇది: ఒకడికి గట్టి దెబ్బ తగిలి కాళ్లు తడబడ్డాయి. ఆ క్షణంలో కోచ్ రౌండు ఆపాడా, లేక "కొట్టు, కొట్టు" అని అరిచాడా? రెండో రకమైతే ఆ జిమ్ మీకొద్దు. కొత్తవాళ్లను మొదటి నెలలోనే సీనియర్ల మీదికి వదులుతున్నా అంతే. ట్యాప్ చేసిన (ఓటమి ఒప్పుకుంటూ చేత్తో తట్టిన) వెంటనే పట్టు వదిలేస్తున్నారో లేదో కూడా గమనించండి.

తర్వాత మ్యాట్లు. రోజూ డిసిన్ఫెక్టెంటుతో తుడవాలి, అతుకుల దగ్గర చీలికలు ఉండకూడదు. మన ఉక్కపోతలో గ్రాప్లింగ్ (పట్లు పట్టే) జిమ్‌లను పట్టి పీడించేది తామర. గుండ్రంగా, అంచు ఎర్రగా, దురదగా మచ్చ కనిపిస్తే మెడికల్ షాపువాడిచ్చే "త్రీ-ఇన్-వన్" క్రీము రాయొద్దు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. దురద రెండు రోజుల్లో తగ్గినట్టుంటుంది, తామర లోలోపల పాకుతుంది, తర్వాత మామూలు మందుకు లొంగదు. చర్మ వైద్యుడికి చూపించి, ఆయన సరేననేదాకా మ్యాట్ ఎక్కకండి. ప్రాక్టీసు అయిన గంటలోపు సబ్బుతో స్నానం, రాష్‌గార్డు (ఒంటికి అతుక్కునే ప్రాక్టీసు చొక్కా) రోజూ ఉతకడం అలవాటైతే ఈ బెడద చాలామటుకు తప్పుతుంది.

సామాను: 180 అంగుళాల హ్యాండ్ ర్యాప్స్ రెండు జతలు, స్పారింగ్‌కు 16 ఔన్సుల బాక్సింగ్ గ్లోవ్స్, 7 ఔన్సుల ఎంఎంఎ గ్లోవ్స్, షిన్ గార్డ్స్, గ్రోయిన్ గార్డు, మౌత్‌గార్డు. వేడినీళ్లలో వేసి కొరికే మౌత్‌గార్డు మొదట్లో సరిపోతుంది. పోటీలకు దిగే ముందు డెంటిస్టు దగ్గర కొలత ఇచ్చి చేయించుకోండి.

వారం ఎలా ఉండాలి

పోటీకి సిద్ధమయ్యేవాళ్లకు వారానికి ఎనిమిది నుంచి పది సెషన్లు. అందులో స్ట్రైకింగ్ మూడు, గ్రాప్లింగ్, కుస్తీ కలిపి నాలుగు, బరువులు ఎత్తడం రెండు. పూర్తి బలంతో స్పారింగ్ వారానికి ఒక్కసారి మించొద్దు. ఒక పూర్తి రోజు విశ్రాంతి. ఫైట్‌కు చివరి వారం పది రోజుల్లో గట్టి స్పారింగ్ అసలే వద్దు. కనుబొమ్మ చీలినా, పక్కటెముకకు దెబ్బ తగిలినా ఫైట్ పోయేది ఆ రోజుల్లోనే.

రోజూ గుద్దించుకుంటే దవడ గట్టిపడుతుందన్నది ఉత్త మాట. మెదడుకు అలాంటి అలవాటు లేదు. స్పారింగ్ తర్వాత తలనొప్పి, వెలుతురు భరించలేకపోవడం, నిద్ర పట్టకపోవడం ఉంటే న్యూరాలజిస్టుకు చూపించండి. ఆయన అనుమతి ఇచ్చేదాకా తల మీద ఒక్క దెబ్బ కూడా పడకూడదు.

అమెచ్యూర్ బౌట్లు

అంతర్జాతీయ సమాఖ్య ఐఎంఎంఏఎఫ్ అమెచ్యూర్ నిబంధనల్లో రౌండు మూడు నిమిషాలు, మూడు రౌండ్లు. షిన్ గార్డ్స్ తప్పనిసరి, మోచేతి దెబ్బలు, హీల్ హుక్ (మడమ పట్టి కాలు మెలితిప్పే పట్టు) నిషేధం. ప్రోలో రౌండు ఐదు నిమిషాలు, గ్లోవ్ నాలుగు ఔన్సులే, మోచేతులు వచ్చేస్తాయి. తొమ్మిది నిమిషాల ఊపిరి ఉన్నవాడు పదిహేను నిమిషాల ఫైట్‌కు దిగితే మూడో రౌండులో చేతులు లేవవు.

కనీసం ఆరు నుంచి ఎనిమిది అమెచ్యూర్ బౌట్లు చేయండి. వాటిలో ఒక్కటైనా ఓడితే ఇంకా మేలు, ఎక్కడ లోపముందో ఖర్చు లేకుండా తెలుస్తుంది. ప్రోకు సిద్ధమయ్యారా అనడానికి మూడు గుర్తులు: మీ కంటే పది కిలోలు ఎక్కువున్నవాడి కింది నుంచి లేచి నిలబడగలగాలి, ఐదు నిమిషాల రౌండ్లు మూడు ఒకే వేగంతో ఆడగలగాలి, దెబ్బ తిన్నాక కూడా కోచ్ మాట చెవికెక్కాలి. మూడోది కోచ్ పట్టుకునే ప్యాడ్స్ మీద తేలదు, బౌట్లలోనే తేలుతుంది.

బరువు: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే

యూనిఫైడ్ రూల్స్ (ప్రో ఎంఎంఎలో ఎక్కువచోట్ల పాటించే ఉమ్మడి నిబంధనలు) ప్రకారం ఎక్కువగా కనిపించే విభాగాలు: ఫ్లైవెయిట్ 56.7 కిలోలు, బాంటమ్ 61.2, ఫెదర్ 65.8, లైట్ 70.3, వెల్టర్ 77.1. టైటిల్ ఫైట్ కాకపోతే సాధారణంగా ఒక పౌండు, అంటే 450 గ్రాముల వెసులుబాటు ఉంటుంది.

మామూలు రోజుల్లో 72 కిలోలుండే కుర్రాడు ఫెదర్‌వెయిట్‌కు దిగాలనుకున్నాడనుకుందాం. వెసులుబాటుతో కలిపి 66.2కు రావాలి. ఎనిమిది వారాల్లో తిండి తగ్గించి, మాంసకృత్తులు తగ్గకుండా చూసుకుంటూ 3 కిలోల కొవ్వు దించాలి: 69. చివరి నాలుగైదు రోజులు ఉప్పు, అన్నం, రొట్టె తగ్గిస్తే కండరాల్లోని గ్లైకోజెన్ (నిల్వ ఉన్న పిండిపదార్థం), దానితో పాటు నిలిచిన నీరు పోతాయి. ఆఖరి రెండు రోజులు పీచు లేని తిండి తింటే పేగులు ఖాళీ అవుతాయి. ఇవన్నీ కలిపి దాదాపు 1.8 కిలోలు: 67.2. చెమటగా పోవాల్సింది ఇక కిలోనే. ఆ కిలో నాలుగు కిలోలైందంటే ప్రణాళిక ఎనిమిది వారాల కిందటే తప్పింది. అప్పుడు సానాలో కూర్చుని సరిదిద్దుకోవాలని చూడొద్దు, పై విభాగానికి మారండి.

ఇది మామూలు హెచ్చరిక కాదు. 2015 డిసెంబరులో మనీలాలో ఫైట్‌కు ముందు బరువు తగ్గే ప్రయత్నంలో యాంగ్ జియాన్ బింగ్ అనే 21 ఏళ్ల చైనా ఫైటర్ చనిపోయాడు. ఆ తర్వాతే వన్ ఛాంపియన్‌షిప్ ఒంట్లో నీటి శాతాన్ని పరీక్షించే పద్ధతి పెట్టింది. మూత్రం ఎక్కువ పోయే మాత్రల జోలికి పోవద్దు: ప్రాణానికి ముప్పు, పైగా ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధిత జాబితాలో ఉన్నాయి. సానాలో, వేడినీళ్ల టబ్‌లో ఒంటరిగా ఉండొద్దు. కళ్లు తిరిగినా, గుండె దడ వచ్చినా, చెమట ఆగిపోయినా ఆపేసి డాక్టర్ని పిలవండి. బౌట్ రోజు పొద్దున్నే తూకం వేసే అమెచ్యూర్ పోటీల్లో నీరు దించడం పూర్తిగా మానండి.

తూకం అయ్యాక ఓఆర్ఎస్ గుక్క గుక్కగా, మొదటి గంటలో లీటరుకు మించకుండా. గంట తర్వాత తెల్లన్నంలో పల్చటి రసం, కాస్త చికెన్. బిర్యానీ ఫైట్ అయ్యాకే. సెలైన్ ఎక్కించుకుందామనుకోవద్దు. పన్నెండు గంటల్లో 100 మిల్లీలీటర్లు దాటితే, ఆస్పత్రి చికిత్సలో భాగం కానంతవరకూ అది కూడా డోపింగ్ కిందికే వస్తుంది. బరువు తప్పితే పర్సులో (ఫైట్‌కు ఇచ్చే డబ్బులో) 20 నుంచి 30 శాతం ఎదుటివాడికి పోవడం చాలాచోట్ల ఆనవాయితీ.

సంతకం, డబ్బు

అమెరికాలోని నెవాడా స్టేట్ అథ్లెటిక్ కమిషన్ లాంటి ప్రభుత్వ పర్యవేక్షణ మన దగ్గర ప్రో ఎంఎంఎకు లేదు. అక్కడ కమిషన్ అడిగే ప్రశ్నలు ఇక్కడ మీరే అడగాలి. కేజ్ (ఫైట్ జరిగే కంచె) పక్కన డాక్టరు, అంబులెన్సు ఉంటాయా? రెఫరీ ఎవరు? ఏ నిబంధనలు? 2024 నవంబరు నుంచి యూనిఫైడ్ రూల్స్‌లో నిట్టనిలువుగా దించే మోచేతి దెబ్బకు అనుమతి వచ్చింది. చేయి నేలకు ఆనించినంత మాత్రాన తల మీద మోకాలి దెబ్బ నుంచి రక్షణా ఇప్పుడు లేదు. పాత నిబంధనలతోనే నడిపేవాళ్లూ ఉంటారు, కాబట్టి రూల్ కాపీ ముందే తెప్పించుకోండి. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, కంటి, గుండె పరీక్షలు ప్రమోటర్ అడక్కపోయినా చేయించుకోండి. ఎదుటివాడూ చేయించాడా అని అడగడానికి మొహమాటపడొద్దు.

కాంట్రాక్టులో పర్సు రెండు ముక్కలుగా ఉంటుంది: దిగినందుకు కొంత, గెలిస్తే మరికొంత. ఖర్చులు లెక్కేసేటప్పుడు మొదటి ముక్కనే నమ్ముకోండి. డబ్బు ఏ తేదీకి ఇస్తారు, ఇద్దరు కార్నర్ మనుషుల (రౌండ్ల మధ్య మీకు సాయపడేవాళ్ల) ప్రయాణ ఖర్చు ఎవరిది, ఎదుటివాడు తప్పుకుంటే ఏమిటి, ఎన్నాళ్లు వేరేచోట ఆడకూడదు, కాంట్రాక్టు దానంతటదే పొడిగించుకుంటుందా: ఈ ఐదింటికీ కాగితం మీద జవాబుండాలి. మేనేజర్లు సాధారణంగా 10 నుంచి 20 శాతం తీసుకుంటారు. మొదటి రెండు మూడు ఫైట్లకు మేనేజర్ అవసరం ఉండదు, కోచ్ చాలు.

మన ఆరోగ్య బీమా పాలసీల్లో ప్రమాదకర క్రీడల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొన్నప్పుడు తగిలిన గాయాలకు మినహాయింపు ఉండటం మామూలే. మోకాలి లిగమెంటు తెగితే సర్జరీ ఖర్చు మీదే. అందుకే తొలి ఫైట్ నాటికి ఉద్యోగమో, జిమ్‌లో పర్సనల్ ట్రైనింగో చేతిలో ఉంచుకోవాలి, ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉండాలి. ఇక్కడి ప్రమోషన్లలో గెలుపులు కూడగట్టుకున్నాకే పై మెట్టు. భారత ఫైటర్ అన్షుల్ జుబ్లీ 2023 ఫిబ్రవరిలో రోడ్ టు యూఎఫ్‌సీ (యూఎఫ్‌సీ కాంట్రాక్టు కోసం జరిగే టోర్నీ) లైట్‌వెయిట్ ఫైనల్ గెలిచి కాంట్రాక్టు అందుకున్నది అలాగే.

ఫైట్ రాత్రి, ఆ తర్వాత

చేతులకు టేపు వేశాక అధికారి చూసి సంతకం పెట్టేదాకా గ్లోవ్ తొడగొద్దు. వార్మప్ అరగంట చాలు, చెమట పట్టగానే తగ్గించండి. రౌండ్ల మధ్య నిమిషంలో మొదటి పదిహేను సెకన్లు ఊపిరికే వదిలేసి, తర్వాత కోచ్ రెండు మాటలకు మించకుండా చెప్పాలని ముందే అనుకోండి. పది మాటలు చెబితే ఒక్కటీ గుర్తుండదు.

నాకౌట్ అయితే ఆ రాత్రే తల స్కాన్. బండి నడపొద్దు, ఒంటరిగా పడుకోవద్దు. కమిషన్లున్నచోట ఇలాంటప్పుడు నెల నుంచి రెండు నెలల దాకా స్పారింగ్ నిషేధిస్తారు. ఇక్కడ ఆ కాగితం ఇచ్చేవాడు లేడు కాబట్టి తేదీ మీరే రాసి కోచ్ చేతికివ్వండి. ఈలోగా వేరే ప్రమోటర్ మంచి పర్సుతో ఫోన్ చేసినా, మాట్లాడాల్సింది కోచ్ గానీ మీరు కాదు.